గ్రంథకర్త రాకయు సభాస్థల విచారమును

క్రిందటి మాఘమాసమున నా మిత్రుడొక కథకుడు, తన క్రొత్త కథల సంపుటమును వెంటబెట్టుకొని అయిదు దినములు మా కోనసీమయందు తిరుగదలచితిననియు, అందుకు తగిన చోట్లు చూచి యుంచవలసినదనియు నాకు వ్రాసెను. అది యెంతపని యని వెంటనే యొప్పుకొంటిని. మూడు వారములు తిరిగిన పిమ్మట గాని, గ్రంథము వ్రాయుటకంటెను అచ్చువేయించుటకంటెను, దానిని పదిమంది కూర్చుండి వినుటకు పది గజముల చోటు సంపాదించుట కష్టమని నాకు తెలిసిరాలేదు.

మాది ఐనవిల్లి. విఘ్నేశ్వరస్వామివారి క్షేత్రముగా ఈ గ్రామమును చదువరులలో పలువురెఱుగుదురు. పరీక్షలు సమీపించునప్పుడు ఇచ్చట లక్ష కలములను స్వామి సన్నిధినుంచి పూజించి విద్యార్థులకు పంచిపెట్టు వాడుక కలదు. ఆ కలములు నా తరగతి పిల్లల జేబులలో నేను చూచుచుందును. కలమును పూజించు గ్రామమున, కలముతో వ్రాసినదానిని చదివి వినిపించుటకని కట్టిన గది నా యెఱుకలో ఒక్కటియు లేదు. ఇది మా యూరి కొఱతయే కాదు. ముక్తేశ్వరము మొదలు ముమ్మిడివరము వఱకును, అంబాజీపేట మొదలు కొత్తపేట వఱకును నేను పోయిన ప్రతిచోటను పెండ్లికి చోటు కలదు. కొబ్బరి యమ్ముటకు చోటు కలదు. రాజకీయసభకు నాలుగు త్రోవల కూడలి యెప్పుడును సిద్ధముగానే యున్నది. పుస్తకమునకు చోటేదని యడిగినపుడు మాత్రము, పెద్దమనుష్యులు ఒకరిమొగము నొకరు చూచుకొని, “పుస్తకానికి చోటెందుకండీ, ఇంట్లో కూర్చుని చదువుకుంటారు గదా” అనిరి. ఆ మాట త్రోసివేయదగినది కాదు. అయినను ఇంటిలో కూర్చుండి చదువుకొనువారు పుస్తకము కొనగలవారు, అక్షరము వచ్చినవారు, తీరిక కలవారు. తక్కినవారి సంగతి యేమి?

నేనిచ్చట ఆ సంపుటమునంతను విమర్శింపబూనలేదు. దానిలోని యొక కథను మూడుచోట్ల వింటిని. మూడు తడవలును అది వేఱు కథగా తోచినది. గ్రంథమునకు గుణదోషములు గ్రంథమునందే యుండునని గదా మనము చదువుకొన్నది. వినుచోటును బట్టి గుణము దోషమగుటయు, దోషము గుణమగుటయు నేను కన్నులార చూచితిని. దానిని గూర్చియే యీ నాలుగు మాటలు.

మన పెద్దలు ఈ విషయము నెఱుగనివారు కారు. భరతుడు నాట్యశాస్త్రమున రెండవ యధ్యాయమునంతను నాట్యమండపముయొక్క కొలతలకే వినియోగించి, మండపము మిక్కిలి పెద్దదైనచో పలుకు స్పష్టత చెడుననియు ముఖమునందలి భావము కానరాదనియు చెప్పి, మనుష్యులకు నడితరపు మండపమే మేలనెను. రాజశేఖరుడు కావ్యమీమాంసలో కవిసభకు పదునాఱు స్తంభములు, నాలుగు ద్వారములు, ఎనిమిది మత్తవారణులు ఉండవలెనని చెప్పి యంతటితో ఊరకుండలేదు. ఉత్తరమున సంస్కృతకవులు, తూర్పున ప్రాకృతకవులు, పడమట అపభ్రంశకవులు, దక్షిణమున భూతభాషాకవులు అని ఆసనములను కూడ ఏర్పఱచెను. ఏ కవి ప్రక్క ఏ వృత్తివారు కూర్చుండవలెనో అదియు చెప్పెను. ఇది చదువుకొన్న దినములలో నాకు సభామర్యాదగా తోచినది. ఇప్పుడు చదివినచో, ఎవరు ఎవరిని ఎంత దూరమునుండి వినవలెనో నిర్ణయించిన పట్టికవలె తోచుచున్నది. అందులో కూర్చుండుటకు చోటు చెప్పబడనివారి సంగతి చెప్పనేల?

రాజులున్నన్నాళ్లు కవికి చోటు వెదకుకొను చిక్కు ఒకవిధముగా లేదు. రాజును వెదకుకొను చిక్కు మాత్రముండెను. తిరుపతి వేంకటకవులు గద్వాల, ఆత్మకూరు, వేంకటగిరి మొదలగు సంస్థానములకు పోయి అవధానములు చేసి సన్మానములందిరి. వారి ‘నానారాజసందర్శనము’ అను గ్రంథనామమే ఆనాటి కవిపర్యటనము ఎట్టిదో చెప్పుచున్నది. వారి కాలముననే ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) తామే రచించిన కథను తామే పాడుచు, ఆడుచు, చెప్పుచు దేశమంతయు తిరిగిరి. హరికథకు కావలసినది రాజు కాదు, పందిరి. గ్రంథకర్తయే గ్రంథముగా నడచివచ్చుట తెలుగునాట అంతకుమించి యెన్నడును జరుగలేదని నా తలంపు. కాని ఆ పందిళ్లను గూర్చి మా తాతగారు చెప్పిన మాటయొకటి నాకు జ్ఞాపకమున్నది. ఆయన బాల్యమున మా ప్రాంతపు శ్రీరామనవమి పందిరిలో హరికథ తెల్లవార్లు సాగునట. మాలపల్లెవారు పందిరికి వెలుపల, కాలువగట్టు మీద కూర్చుండి వినెడివారట. “వాళ్లకూ బాగానే వినిపించేది రా” అని ఆయన తృప్తిగా చెప్పెడివారు. ఆ తృప్తి నాకింతవఱకు మింగుడుపడలేదు.

జాషువాగారు (1895–1971) వినుకొండలో ఒక అవధానసభయందు పద్యములు చదివినప్పుడు, ఇతనిని సభలోనికేల రానిచ్చితిరని కొందఱు ఆయనను అవమానించిరి. పద్యములలో దోషముండి కాదు. ఆ పద్యములు చదివిన మనుష్యుడు ఆ చోట నుండరాదని. అదే జాషువాగారి కాలికి, తరువాత, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు తమ చేతులతో గండపెండేరము తొడిగిరి. ఈ రెంటిని కలిపి చెప్పి సంతోషించుట మనకలవాటు. రెండవది జరిగినది కావున మొదటిది తీరిపోయినదని నేననుకొనజాలను.

వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించి, ఊరిలోని వారెవ్వరును వినగోరని సంగతులను వ్రాసిరి. వ్రాసిన దానిని మాటాడుటకు చోటు కావలసివచ్చినది. 1890లో రాజమహేంద్రవరమున పురమందిరము కట్టించిరి. గ్రంథకర్త సభాస్థలమును యాచింపక తానే కట్టించిన ఉదాహరణము మనకది. అందఱికి సాధ్యము కాదు గాని, ఆయన బాధ యేమో దానివలన తెలియును. గ్రంథాలయోద్యమమువారు ఇంకొక మార్గము త్రొక్కిరి. 1914లో బెజవాడయందు అయ్యంకి వేంకటరమణయ్యగారు మొదలగువారు ఆంధ్రదేశ గ్రంథాలయసంఘము నేర్పఱచిన పిమ్మట, గ్రంథాలయమనగా పుస్తకములుండు బీరువా కాదు, జనులు కూడుకొను చోటు అను భావము పల్లెలకు ప్రాకెను. 1935లో కృష్ణాకాలువల మీద పాతూరి నాగభూషణముగారి పూనికతో పడవ గ్రంథాలయము నడచినది. పాఠకుడు చోటు వెదకుకొని రానక్కఱలేక, చోటే పాఠకుని యొద్దకు పడవమీద పోయెను. ఇన్ని కాలువలున్న మా కోనసీమలో ఆ సంగతి తలంచుకొన్నపుడెల్ల నాకు కొంచెము అసూయ కలుగును.

ఇక మా తిరుగుడు సంగతి.

మొదట నాకు స్ఫురించినది, మా ప్రాంతమున నున్న ఒక కల్యాణమండపము. అయిదువందల కుర్చీలు, మైకు, విద్యుద్దీపములు. యజమాని అద్దె వలదనెను. అయితే రెండు ప్రశ్నలడిగెను: వేదికమీద ఎవరెవరు కూర్చుందురు? పుస్తకములో ‘గొడవలు’ ఏమైన నున్నవా? ఆయనను తప్పుపట్టుట సులభము. ఈ సీమ 2022 ఏప్రిలు 4న ప్రత్యేక జిల్లా అయినది. దాని పేరునకు అంబేడ్కరుగారి నామము చేర్చుటను గూర్చి ఆ మే నెలలో అమలాపురమున అల్లర్లు చెలరేగి ఇండ్లు తగులబడినవి. ఇట్టిచోట మండపము గలవానికి భయముండుట వింత కాదు. నేను, గొడవలు లేవని చెప్పితిని. అది అబద్ధమని నాకప్పుడే తెలియును.

ఆ సాయంకాలము వచ్చినవారు నలుబదిమంది. వారిలో పదునొకండుగురు వేదికమీద. ఒక్కొక్కరికి శాలువ, ఒక్కొక్కరి ప్రసంగము. గ్రంథమును చదివినవాడు వారిలో ఒక్కడున్నాడేమో. అతడును తక్కువ మాటాడెను. చివరకు గ్రంథకర్తకు పదినిమిషములు మిగిలినవి. అతడు చదివినది, కొబ్బరి దింపునకు చెట్టెక్కి పడి మరణించిన కూలివాని భార్యను గూర్చిన కథ. తోటగల ఆసామి ఆమెకు కొంత సొమ్మిత్తునని నలుగురిలో ఒప్పుకొని, “వచ్చే దింపుకు చూద్దాం” అని వాయిదా వేయును. ఆమె ఏడాది పొడవున ఆ దింపుకొఱకు ఎదురుచూచును. కథ అంతే. నా మిత్రుడు ఆసామి కులమును సూచించు రెండు వాక్యములను, పంచాయతీలో ఆమెను నిలువబెట్టి మాటాడిన ఘట్టమును వదలివేసి చదివెను. వ్రాతప్రతిని నేనెఱుగుదును గనుక నాకు తెలిసినది, ఇతరులకు తెలియలేదు. చెట్టునుండి పడు ఘట్టము ముగిసినంతనే చప్పట్లు మ్రోగినవి. వందనసమర్పణము చేసినాయన, కథలో కోనసీమ కొబ్బరితోటల సౌందర్యము కన్నులకు కట్టినట్లున్నదని మెచ్చుకొనెను. భరతుడు చెప్పిన పెద్దమండపము దోషము ఇదియే. మాట వినబడినది, మొగము కానరాలేదు.

ఇంటికి వచ్చుచు, ఆ వాక్యములేల వదలితివని యడిగితిని. “అవి చదివితే మిగిలిన కథ కూడా విననిచ్చేవారు కాదు” అనెను. ఈ సమాధానమునకు నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను, ఏలయన ఆ చోటు చూపినవాడను నేనే. చోటు ఉచితముగా దొరకినదని సంతోషించితిమి గాని, దాని వెల కథలోని రెండు వాక్యములని లెక్కకట్టలేదు.

మఱునాడు ఒక పాఠశాలలో జరుగవలసియుండెను. అనుమతి రాలేదు. ఉపాధ్యాయుడనై యుండి అంతకంటె చెప్పజాలను.

మూడవనాడు శాఖాగ్రంథాలయము. 1960 నాటి గ్రంథాలయ చట్టమును బట్టి మన ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సుంకముగా చేరుచున్నది. అనగా ఇల్లు గల ప్రతివాడును, అక్షరము రానివాడు కూడ, ఆ గదికి పాలివాడే. గదిలో రెండు బల్లలు, దినపత్రికలు, గోడపొడవున బీరువాలు. గ్రంథపాలకుడు ఎంతయో ఆదరముతో బల్లలు జరిపి చోటు చేసెను. పదునలుగురు వచ్చిరి. వేదిక లేదు గావున శాలువ మాట యెవరికిని తోచలేదు. వచ్చినవారిలో ఉద్యోగవిరమణ చేసిన తపాలా ఉద్యోగి యొకరు సంపుటమును ముందుగనే తెప్పించుకొని చదివి, కాగితము మీద ప్రశ్నలు వ్రాసికొని వచ్చిరి. మిత్రుడు కథను ఈసారి పూర్తిగా చదివెను. ముగియగానే ఆయన, “అయ్యా, మీది మెట్టప్రాంతమా?” అనిరి. అవునని యితడనెను. “అనుకున్నానండి. దింపంటే వరికోతలాగ ఏడాది కొకసారి అనుకున్నారు మీరు. మా తోటల్లో రెండు నెలల కొకసారి దింపు. వచ్చే దింపుకంటే రెండు నెలలు. ఏడాది ఎందుకు ఎదురుచూస్తుందండీ ఆవిడ?”

చదువరులు గమనింపవలెను. కథ అంతయు ఆ నిరీక్షణము మీద నిలిచియున్నది. రెండుమాసములే యైనచో ఏడాది నిడివిగల ఆ ఋతువర్ణనములు, ఆమె దినములు లెక్కించుకొనుట, శ్రావణమాసమున బిడ్డకు గుడ్డ కొనలేకపోవుట, అన్నియు కూలిపోవుచున్నవి. నా మిత్రుని మొగము వాడిపోయెను. అచ్చున ఈ సంపుటమునకు వచ్చిన సమీక్షలు నాలుగైదు చదివితిని. భాష బాగున్నదనియు, ఆర్ద్రత కలదనియు అందున్నది గాని, ఈ లోపము నెవ్వరును పట్టలేదు. పట్టుటకు కావలసినది అలంకారశాస్త్రము కాదు. ఆ చెట్టు క్రింద నివసించుట. మండపములోను అది తెలిసినవారు ఇరువదిమందియైన నుందురు. అడుగుటకు వారికచ్చట చోటు లేకపోయెను, ఏలయన పదునొకండు ప్రసంగముల తరువాత ప్రశ్న యడుగువాడు మర్యాద తెలియనివాడగును.

నాలుగవనాడు మధ్యాహ్నము మూడుగంటలకు మా యింటి అరుగు. ఇది నా భార్య చేసిన యేర్పాటు. సాయంకాలము ఆఱుగంటలకు సభ పెట్టి స్త్రీలు రాలేదని వగచుట కంటె తెలివితక్కువ లేదని ఆమె నాకు మండపమునాడే చెప్పియుండెను. చుట్టుప్రక్కల ఇండ్లనుండి పదునెనిమిదిమంది వచ్చిరి. పుస్తకములు తొమ్మిది అమ్ముడుపోయినవి. మండపములో మూడు. ఆనాడు వేఱు కథ చదివినందున దానిని గూర్చి యిచ్చట విస్తరింపను.

అయిదవనాటిది ముందుగా అనుకొన్నది కాదు. దింపు సంగతి తేల్చుకొనవలెనని పట్టుపట్టి మిత్రుడు నన్ను అంబాజీపేట వైపు తీసికొనిపోయెను. త్రోవలో ఒక పీచుమిల్లు. డొక్కల కుప్పలమధ్య ముప్పదిమంది స్త్రీలు మధ్యాహ్నపు అన్నము తిని కూర్చుండియుండిరి. ఆ మిల్లుదారు నా పాత శిష్యుడు, అరగంట యిచ్చెను. మిత్రుడు పీచుకట్టమీద కూర్చుండి కథను మొదటినుండి తుదివఱకు, ఆ రెండు వాక్యములతో సహా, చదివెను. చెట్టునుండి పడు ఘట్టమున ఎవరును చప్పట్లు కొట్టలేదు. ఒకామె లేచి అవతలికి పోయెను. ఆమె సంగతి మేమడుగలేదు.

చదువుట ముగిసిన పిమ్మట ఇతడు తానే తప్పు నొప్పుకొని, దింపు రెండునెలల కొకసారి యని తనకు తెలియదనియు, కథ చెడిపోయినదనియు చెప్పెను. అందఱికంటె పెద్దదానివలె నున్న యొకామె అనినది: “ఏం చెడిపోలేదండి. రెండు నెల్లకో దింపు వత్తాదండి, నిజమే. ఆయ్, వచ్చే దింపంటే వచ్చే దింపేటండీ? ఆ దింపుకెళ్తే రేటు లేదంటారు, ఆ పై దింపుకెళ్తే కాయ లేదంటారు. ఆరు దింపులు తిరిగితే ఏడాదే కదండీ.”

మేమిద్దఱమును ఒకరినొకరు చూచుకొంటిమి. గ్రంథాలయమున దోషముగా తేలినది ఇచ్చట కథకు ప్రాణమైనది. కాని గ్రంథకర్త వ్రాసినట్లుగా కాదు. ఆమె యెదురుచూచినది ఒక్క దీర్ఘమైన ఋతువు కాదు. ఆఱుమార్లు గుమ్మమెక్కి ఆఱుమార్లు దిగుట. అది వ్రాయబడలేదు. వ్రాసియున్నచో కథ యిప్పటికంటె ఎంతో బలమైనదై, ఋతువర్ణనముల యక్కఱ లేకపోయెడిది. నేను చూచిన విమర్శలలో ఈ కథకు ఇంతకంటె సూక్ష్మమైన విమర్శ లేదు.

అంతలో వేఱొకామె, “ఇంతకీ ఆ డబ్బు ముట్టిందాండీ ఆవిడకి?” అని యడిగెను. కథ అంతటితో ముగిసినదని యితడు చెప్పెను. “కత అయిపోయిందండి, మరి ఆవిడ డబ్బులో?” మిల్లుగంట మ్రోగినందున అందఱును లేచిరి.

ఇంగ్లండులో చార్లెస్ డికెన్సు 1853 డిసెంబరున బర్మింగ్‌హాము పురమందిరమునందు తన క్రిస్టమసు కథను చదివినప్పుడు, మూడు దినములలో ఒకదినము పనివారికొఱకే యుండవలెననియు, వారికి ఆఱు పెన్నీలకే ప్రవేశముండవలెననియు కోరి అట్లే జరిపించెను. తరువాత 1858 మొదలు ధనార్జనకై చదువుచు తిరిగెను. 1867–68లో అమెరికాకును పోయెను. తన బల్లను, తన దీపములను తానే వెంట గొనిపోయెడివాడు. నేను ఆ బల్లకంటె ఆ ఆఱు పెన్నీల దినమునే యెక్కువగా తలంచుకొందును. అచ్చటి పనివారు ఆయన కథలో ఏ దింపులెక్క తప్పు పట్టిరో చరిత్రకారులు వ్రాసియుంచినచో బాగుండెడిది. మన కోనసీమయందే మామిడికుదురున 1911లో పుట్టిన బోయి భీమన్నగారి ‘పాలేరు’ నాటకము పల్లెపల్లెను ఆడబడి జనుల నోట నిలిచినది. దానికి మందిరముల యక్కఱ లేకపోయెను. ఎవరిని గూర్చి వ్రాయబడినదో వారి యెదుటనే ఆడబడుట దాని యదృష్టము. కథాసంపుటమునకు ఆ సౌకర్యము లేదు. అది ఒంటరిగా చదువుకొనుటకు పుట్టిన వస్తువు. బిగ్గరగా చదివినపుడు అది కొంత మాఱును, కొంత బయటపడును.

నగరములలో గ్రంథకర్తకు మందిరములున్నవి, పుస్తకప్రదర్శనములున్నవి. విజయవాడలో 1989 నుండి జనవరిమాసపు పుస్తకమహోత్సవము జరుగుచున్నది. సముద్రముల కావల డెట్రాయిట్ నగరపు తెలుగువారు 1998లో ఒక సాహిత్యసమితిని ఏర్పఱచుకొని, పుస్తకమును ముందుగా చదివివచ్చి దానిని గూర్చి మాటాడుకొనుచున్నారు. అచ్చట ఆవిష్కరణము ముఖ్యము కాదు, చదువుట ముఖ్యము. పుట్టినయూరు విడిచిపోయినవారు నేర్చిన యీ పద్ధతి పుట్టినయూరిలో నున్న మనకేల పట్టుపడలేదో నాకు తెలియదు. మన ఆవిష్కరణసభలో పుస్తకము కట్టిన కాగితమును విప్పినంతనే పని ముగియును. మా గ్రంథాలయమును వారమునకు రెండు సాయంకాలములు రాత్రి ఎనిమిది గంటల వఱకు తెఱచియుంచవలెనని నేనును ఆ తపాలా ఉద్యోగిగారును కలిసి వినతిపత్రము పంపియున్నాము. సమాధానమునకై వేచియున్నాము. ఇప్పటికి రెండు దింపులైనవి.

మిత్రుడు రెండవకూర్పునకు కథను మరల వ్రాయుచున్నాడట. వచ్చు కార్తికమున మరల వత్తునని జాబు వ్రాసినాడు. నేను మండపమునకు పోలేదు. మొన్న ఆదివారము పీచుమిల్లునకు పోయి, ఆ పెద్దామెతో, ఆయన మరల వచ్చునట, చదువుటకు రావచ్చునా యని యడిగితిని. ఆమె డొక్కలు సర్దుచునే అనినది: “రమ్మనండి. ఆ డబ్బు సంగతి తేల్చుకుని రమ్మనండి.”